పెద్దయ్యోరు చెరువులోకి దిగిన రోజు

మీలాంటి ఇప్పటి టీచర్లను చూస్తే నాకు ఒకోసారి జాలి, ఒకోసారి ఒళ్ళుమంట. జాలి ఎందుకంటే మీకు పాఠం చెప్పే తీరిక ఎవరూ ఇవ్వరు. ఒళ్ళుమంట ఎందుకంటే, ఉన్న కాస్త తీరికలోనూ పుస్తకంలో ఉన్నది అప్పజెప్పించి చేతులు దులుపుకుంటారు. పుస్తకంలో అచ్చయింది కాబట్టి నిజమేనని మీ ధీమా. నేనూ అదే ధీమాతో ఉద్యోగంలో చేరినదాన్నే. అది ఎట్లా పోయిందో చెబుతాను. కాస్త కోపంగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. ఇన్నేళ్ళుగా చల్లారని కోపం ఇప్పుడు మీకోసం చల్లారదు.

యాభైల చివర్లో ట్రైనింగు పూర్తికాగానే నాకు నెల్లూరు జిల్లా సముద్రపు వైపున ఒక ఎలిమెంటరీ బడిలో ఉద్యోగం ఇచ్చారు. మాది గుంటూరు వైపు. కోట అనే ఊరి దాకా బస్సు, అక్కడి నుంచి ఎద్దుబండి, బండి కూడా పోలేని చోట ఇసుకలో నడక. ఊరికి ఒక పక్క వరిమళ్ళు, ఇంకో పక్క పెద్ద చెరువు. చెరువు అవతల మా క్రైస్తవుల పాలెం ఉండేది. పాలెంలో ఒక గది తీసుకుని నేను ఒంటరిగా ఉండేదాన్ని. పెంకుల కప్పు, రెండు బల్లలు, ఒక నల్లబల్ల, ఇదీ బడి. ఉన్నది ఇద్దరమే, నేనూ, హెడ్మాస్టరు గారూ.

ఊళ్ళో ఆయన్ను పెద్దయ్యోరు అనేవాళ్ళు. అల్లూరు వైపు మనిషి. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ కాస్త వంగి నడిచేవారు. ఆయనకు భయం పుట్టుకతోనే వచ్చిందని నా అనుమానం. ఇనస్పెక్టరంటే భయం, సమితి ఆఫీసు గుమాస్తా అంటే భయం. పోస్టుమ్యాను ఖాకీ చొక్కా దూరం నుంచి కనిపించినా కుర్చీలోంచి లేచి నిలబడేవారు. నేనేమో నోరున్నదాన్ని. ఆయన తెల్లారి లేచి మొదట చేసే ప్రార్థన నా నోరు ఆ రోజుకు మూతపడి ఉండాలనేనని ఆయనే ఒకసారి నాతో అన్నారు. అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారన్న సామెత ఉంది కదా, మా బడిలో నేను చేసినవి ఆయన దిద్దుకునేవారు.

నేను చేరిన ఏడాది కార్తీకంలో వానలు పడి చెరువు నిండింది. ఒకనాడు పొద్దున చెరువుగట్టు మీద మొదటి ఇంటి అవ్వ నన్ను దారిలో ఆపింది. ఊరందరికీ ఆమె అవ్వే, పేరు ఎవరూ పలికేవాళ్ళు కారు. "మా ఆడబిడ్డలు వచ్చుండారు టీచరమ్మా. ఇంకమీదట బడి గంట కొట్టొద్దని పెద్దయ్యోరికి జెప్పు" అంది.

మా వైపు ఆడబిడ్డ అంటే మొగుడి అక్కో చెల్లెలో. ఆడబిడ్డ అర్ధమొగుడు అని సామెత కూడా ఉంది. ఈ వయసులో ఈ ముసలామెకు ఆడబిడ్డల పోరు ఇంకా తప్పలేదా అనుకున్నాను. గంట మోగితే వాళ్ళకేం నొప్పో అర్థం కాలేదు. ఇంకో నాలుగడుగులు వేశానో లేదో, పాలెం నుంచి వస్తున్న ఆమె ఒకతె కూడా అదే మాట. మా ఆడబిడ్డలు వచ్చుండారు, చూసినావా. ఊరందరి ఆడబిడ్డలూ ఒక్కనాడే దిగడమేమిటి, ఏదన్నా తిరనాళ్ళా అని బడికి వెళ్ళి పెద్దయ్యోరిని అడిగాను. ఆయన నవ్వి, నా చెయ్యి పట్టుకున్నంత పని చేసి గట్టు మీదికి తీసుకెళ్ళి చూపించారు.

చెరువు మధ్యలో, నీళ్ళలోనే నిలబడి పెరిగే కడప చెట్లు ఉండేవి. ఆ చెట్ల మీద ఆకు కనిపించకుండా పక్షులు. మెడకింద సంచి వేలాడే గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, రెక్క మీద గులాబీ రంగు పూసుకున్న పెద్ద కొంగలు. నెల్లూరు వైపు ఆడబిడ్డ అంటే కూతురు కూడా. పురిటికి పుట్టింటికి వచ్చిన కూతుళ్ళు అవి, ఊళ్ళోవాళ్ళ లెక్కలో. చెట్ల మీద గూళ్ళు పెట్టి, పిల్లల్ని లేపి, పిల్లలకు రెక్కలొచ్చాక వేసవికి ముందు వెళ్ళిపోయేవి. వాటి పెంట పడిన నీళ్ళు పారితే మడికి ఇంకో ఎరువు అక్కర్లేదు. అవి ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో టపాకాయ కాల్చరు. పెళ్ళి ఊరేగింపు గట్టు దగ్గరికి రాగానే మేళం ఆపి, గట్టు దాటాక మళ్ళీ అందుకునేవాళ్ళు. పాలెం వాళ్ళు క్రిస్మస్ పాటలు గట్టు దగ్గర గొంతు తగ్గించి పాడేవాళ్ళు. మా బడి గంట రైలు పట్టా ముక్క. ఆ నెలలు దాన్ని విప్పి బీరువా కింద పెట్టి, పెద్దయ్యోరు చప్పట్లు కొట్టి పిల్లల్ని పిలిచేవారు. అన్నింటికీ భయపడే మనిషి, గంట లేదేమని ఎవరైనా అడుగుతారేమోనని మాత్రం భయపడలేదు. నేను అప్పుడు అది గమనించలేదు.

ఇక పాఠాల సంగతి. ఐదో తరగతి పుస్తకంలో రెండు పాఠాలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి వలస పక్షులు, ఇంకోటి కాఫీ తోటలు. చలికి తాళలేక పరాయి దేశాల నుంచి వచ్చే పక్షులు మనకు అతిథులనీ, చలి తగ్గగానే స్వదేశానికి తిరిగి వెళతాయనీ మొదటి పాఠం. పడమటి కొండల్లో ఎడతెగని వానలు కురిసే అడవుల్లో కాఫీ పండిస్తారని రెండో పాఠం. రాసినవారు ఎవరో, గూడబాతునూ చూసి ఉండరు, కాఫీ చెట్టునూ చూసి ఉండరు. అయినా వారి మాట వేదం, మా పిల్లల మాట తప్పు. ఇదేం న్యాయమో నాకు ఇప్పటికీ తెలియదు.

కాఫీ పాఠం వరకు నాకు దిగులు లేదు. మా చిన్నాన్న ఆ కొండల్లో ఒక కాఫీ తోటలో లెక్కలు రాసే రైటరుగా చేసేవాడు. చిన్నప్పుడు సెలవులకు వెళ్ళి జలగలు పట్టించుకుని వచ్చినదాన్ని. మా పిల్లలకు కాఫీ అంటే మునసబు గారి వసారాలోంచి వచ్చే వాసన ఒక్కటే తెలుసు. కాఫీ ఎక్కడ పండుతుంది అని మొదటిసారి అడిగితే, మునసబు గారింట్లో అన్నారు. నేను వాళ్ళను గట్టు మీదికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి చెప్పాను. అక్కడి అడవిలో పెద్ద చెట్లను కొట్టకుండా ఉంచి, వాటి కింద మసక నీడలో కాఫీ మొక్కలు పెంచుతారు. చలికాలం రాగానే మంచుకొండల వైపు నుంచి గుప్పెడంతేసి పిట్టలు వచ్చి ఆ చెట్లలో దిగుతాయి. ఆకుల కింద పురుగుల్ని ఏరుకు తింటాయి. జీతమడగని కూలీలు అనేవాడు మా చిన్నాన్న. పక్క తోట యజమాని ఆశకు పోయి నీడ చెట్లన్నీ కొట్టించాడు. వానకు మన్ను కొట్టుకుపోయింది, పిట్టలు రాలేదు, పురుగు పడి మొక్కలు ఎండిపోయాయి.

ఇదంతా విని అవ్వ మనవరాలు లేచింది. తరగతిలో అందరికంటే నోరున్న పిల్ల, అందుకే నాకు ఇష్టం. "అయితే కాఫీకి గూడా పిట్టల పెంట గావాల్నా టీచరమ్మా?" అంది. అందరూ పడీపడీ నవ్వారు. కావాలి అన్నాను. ఆ పిల్లకు పాఠం ఎక్కినంతగా ఆ పుస్తకం రాసినవారికి ఎక్కలేదని అప్పుడే తెలిసిపోయింది.

ఒకసారి నెల్లూరు నుంచి పచ్చి కాఫీ గింజలు తెప్పించి బడి పక్కన పాతించాను కూడా. రోజూ నీళ్ళు పోశారు పాపం. ఎన్నాళ్ళకీ మొలవలేదు. పైపొట్టు తీసి ఎండబెట్టిన గింజ ఎట్లా మొలుస్తుందని నాకు తట్టలేదు. బియ్యం చల్లితే నారొస్తాదా టీచరమ్మా అని పిల్లలే నన్ను ఓదార్చారు. మొలిస్తే మొదటి గ్లాసు నాకే అని పెద్దయ్యోరు చాలాకాలం ఏడిపించారు.

చిక్కంతా పక్షుల పాఠంతోనే. అతిథులు అని చదివితే పిల్లలు ఒప్పుకోరు. ఇంటి కూతురు అతిథి ఎట్లా అవుతుందని వాళ్ళ గొడవ. స్వదేశం అంటే పుట్టిన చోటని నేనే చెప్పాను. మరి ఇవి గుడ్డు పగిలి బయటపడింది మా చెట్ల మీద కదా అన్నారు. పుస్తకం పక్కన పెట్టి ఆలోచిస్తే నాకూ అదే న్యాయమనిపించింది. కాఫీ తోటల్లో దిగే చిన్న పిట్టలు అక్కడ గూడు కట్టవు. చలి గడిపి వెళ్ళిపోతాయి. అవి అతిథులు. మన చెరువులోవి పుట్టింటికి వచ్చేవి. ఇట్లా రెండూ కలిపి, తేడా చెప్పి, పాఠం ముగించాను. ఆ రోజు నన్ను నేనే ఎంతో మెచ్చుకున్నాను. పెద్దయ్యోరు మాత్రం, అంతా బాగానే ఉందిగానీ పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాయమని చెప్పమ్మా అన్నారు. నేను చెప్పలేదు.

అరవైలలోకి అడుగుపెట్టాక ఒక సంక్రాంతి సెలవుల తర్వాత తనిఖీకి కొత్త అధికారి వస్తున్నాడని కబురు వచ్చింది. పెద్దయ్యోరు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆయన రిటైర్మెంటు దగ్గరపడింది. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ అధికారి ఒక మంచిమాట రాస్తే ఖాయమవుతుంది, చెడ్డమాట రాస్తే గుంటూరు బండెక్కాలి. ఇంటి దగ్గర నా జీతం కోసం ఎదురుచూసే తమ్ముళ్ళున్నారు. అందుకని నేనూ నోరు కట్టేసుకుంటానని పెద్దయ్యోరికి మాటిచ్చాను.

జీపు వచ్చింది. అధికారి దిగాడు, ఆయనతో ఆయన బావమరిది దిగాడు. మద్రాసు నుంచి చుట్టపుచూపుగా వచ్చాడట, మోకాళ్ళ దాకా బూట్లు వేసుకున్నాడు. తనిఖీకి బావమరిది ఎందుకో ఎవరూ అడగలేదు. పెద్దయ్యోరు ఇద్దరికీ సమంగా వంగి నమస్కారం పెట్టారు. కాఫీ కోసం మునసబు గారింటికి మనిషిని పంపారు.

అధికారి ఐదో తరగతికి వచ్చాడు. వలస పక్షులు ఎక్కడ ఉంటాయి అన్నాడు. కిటికీలోంచి చెరువు కనిపిస్తోంది. ఆ చెట్లు చూపించి జవాబు చెబుతారని ఆయన ఉద్దేశం. అవ్వ మనవరాలు చేతులు కట్టుకుని లేచి, "వలస పక్షులు కాఫీ తోటల్లో ఉంటాయండి. మా చెరువులో ఉండేటివి ఆడబిడ్డలండి" అంది.

ఆయనది గోదావరి వైపు. ఆయనకూ ఆడబిడ్డ అంటే నాకు మొదట తెలిసిన అర్థమే తెలుసు. "నీకు పెళ్ళెప్పుడయిందే?" అని పగలబడి నవ్వాడు. బావమరిది గుమ్మంలో నిలబడి నవ్వాడు. పిల్లకు ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాక ముఖం ఎర్రబడి నా వైపు చూసింది. నేను లేచి అంతా వివరించాను, ఇక్కడ ఆ మాటకు కూతురని అర్థమనీ, కాఫీ తోటల సంగతి ఇదనీ. ఆయన వింటూ ఆవులించాడు. రెండు పాఠాలు కలిపి కలగూరగంప చేశారు, పైగా మూఢనమ్మకాలు, అన్నాడు. ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది. "పుట్టినింటికి వచ్చేది వలస ఎట్టవుతాదండీ" అంది మెల్లిగా. కూర్చో అని కసిరాడు. ఇంతకీ కాఫీ ఏదయ్యా అని పెద్దయ్యోరిని అడిగాడు.

ఇంతవరకు జరిగింది నేను మింగుకున్నాను. ఉద్యోగంలో ఇట్లాంటివి ఎన్ని మింగలేదు. కానీ అంతలో బావమరిది జీపు దగ్గరికి వెళ్ళి గుడ్డ చుట్టిన పొడుగాటి వస్తువు ఒకటి తీసి, గుడ్డ విప్పాడు. తుపాకి. అప్పుడు తెలిసింది తనిఖీకి బావమరిది ఎందుకో. మా ఊరు వచ్చిందే దానికోసం. బడి, పిల్లలు, పాఠాలు, ఇవన్నీ దారిఖర్చు రాబట్టుకునే సాకు.

పక్షి నీళ్ళలో పడితే తెచ్చేవాళ్ళు కావాలి, బురదలో బూట్లతో దిగలేను అన్నాడు బావమరిది. అధికారి నా వైపు తిరిగి పెద్ద పిల్లల్ని నలుగుర్ని పంపమన్నాడు. సున్నం తెమ్మన్నంత తేలిగ్గా అన్నాడు. నేను పంపనన్నాను. గూళ్ళలో పిల్లలున్నాయండి అన్నాను. ఆయన ముఖం మారింది. మీ సర్వీసు ఇంకా రెగ్యులరు కాలేదనుకుంటాను అన్నాడు.

పెద్దయ్యోరు వెనక నిలబడి నాకు కళ్ళతో సైగ చేస్తున్నారు, ఊరుకో తల్లీ అని. నాకు ఇచ్చిన మాట గుర్తుంది. తమ్ముళ్ళూ గుర్తున్నారు. కానీ బెంచీల మీద నుంచి పిల్లలందరూ నన్నే చూస్తున్నారు. "వీళ్ళకు ఆ పాఠం చెప్పింది ఈ నోరేనండి. పోయి పట్టుకు రమ్మని ఇదే నోటితో చెప్పలేను" అన్నాను. సరే, మీ సంగతి తర్వాత చూస్తానని ఆయన బయటికి నడిచాడు.

తుపాకి సంగతి మా కంటే ముందే గట్టుకు చేరిపోయింది. మేం వెళ్ళేసరికి మడికోత వదిలేసి ఆడవాళ్ళు వచ్చారు, పాలెం వాళ్ళూ వచ్చారు. నేను ఆపినా పిల్లలు ఆగలేదు. అవ్వ అధికారి ముందుకు వచ్చి చేతులు జోడించింది. "పురిటి బిడ్డలయ్యా. నీ ఇంట్లో ఆడబిడ్డలుండారు గదా, నీకు దెలవదా" అంది. ఆయన పక్కకు చూశాడు. బావమరిది, పక్షికి పురుడేంటి అని నవ్వుతూ గురి చూసుకున్నాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు, నేను కళ్ళారా చూసింది అక్కడే.

ఆ చప్పుడు ఆ చెరువు ఎన్నడూ వినలేదు. చెట్ల మీద పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఎండ మసకబారింది. ఒక గూడబాతు కొమ్మ మీంచి జారి నీళ్ళలో పడింది. దాని గూట్లో పిల్ల నోరు తెరుచుకుని ఉండడం గట్టు మీదికి కనిపిస్తోంది. బావమరిది ఏదో పరీక్ష ప్యాసయినట్టు మమ్మల్నందర్నీ చూశాడు.

పోండ్రా తీసుకురండి అని అధికారి పిల్లల్ని కేకేశాడు. ఒక్కరు కదల్లేదు. ఆ చెరువులో చేపల్లా ఈదే పిల్లలు వాళ్ళు. మళ్ళీ కేకేశాడు. కదల్లేదు. నా కడుపు నిండింది, దాచుకోవడమెందుకు. అప్పుడు ఆయన కోపం పెద్దయ్యోరి మీదికి మళ్ళింది. నీ బడిలో క్రమశిక్షణ ఇదా, ఈ వయసులో ఉద్యోగం ఊడగొట్టుకుంటావా, వెళ్ళు, నువ్వు వెళ్ళి తీసుకురా అన్నాడు. అంతమంది ముందు, పిల్లల ముందు, నువ్వు అన్నాడు.

పెద్దయ్యోరు చెప్పులు విడిచారు. కండువా తీసి మడిచి చెప్పుల మీద పెట్టారు. పంచె ఎగగట్టి నీళ్ళలోకి దిగారు. ఛీ, ఇంత పిరికి బతుకా అనుకున్నాను. అవ్వ ముఖం తిప్పుకుంది. పిల్లలు నమ్మలేనట్టు చూస్తున్నారు. నడుం లోతు దాటి, రొమ్ము లోతు బురదలో తడబడుతూ ఆయన వెళ్ళారు. గూడబాతు చిన్న పక్షి కాదు, చిన్న మేకపిల్లంత బరువుంటుంది. దాన్ని రెండు చేతుల్లో ఎత్తుకుని, రెక్క వేలాడకుండా మడిచి పట్టుకుని, గట్టెక్కారు. తనిఖీ కోసమని ఉతికించి వేసుకున్న తెల్లచొక్కా అంతా నెత్తురు.

బావమరిది చెయ్యి చాపాడు. పెద్దయ్యోరు ఆయన పక్కనుంచి, అధికారి పక్కనుంచి, ఇద్దర్నీ చూడకుండా నడిచి వెళ్ళి అవ్వ చేతుల్లో పెట్టారు.

"హెడ్మాస్టరూ, తెమ్మన్నది ఎవరికయ్యా?" అని అరిచాడు అధికారి.

పెద్దయ్యోరు వెనక్కి తిరిగారు. వణుకుతున్నారు, చలికో భయానికో చెప్పలేను. గొంతు మాత్రం మామూలుగానే ఉంది. "దొరవారు తెమ్మన్నారు, తెచ్చినాను. ఎవురికియ్యాల్నో చెప్పలేదు గదండీ. ఎవురి బిడ్డను వాళ్ళకిచ్చినాను" అన్నారు.

అవ్వ నేల మీద కూలబడి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని శోకం మొదలుపెట్టింది. చావింట్లో ఏడిచినట్టే, నా తల్లీ, పురిటికొస్తివి గదమ్మా అని ఏడ్చింది. మిగతా ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని అందుకున్నారు. ఆ ఏడుపుల మధ్య రెండోసారి తుపాకి ఎత్తడం ఎంతటి వాడివల్లా కాదు. బావమరిది ఒకసారి ఎత్తబోయి దించేశాడు. ఇద్దరూ బడి వైపు నడిచారు.

ఇక్కడ ఒకటి చెప్పాలి, ఇది చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. అంత జరిగాక కూడా ఆ అధికారి బడిలోకి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, మునసబు గారింటి నుంచి వచ్చిన కాఫీ తాగాడు. ఇత్తడి గ్లాసులో పోసుకుని, చల్లారిందని విసుక్కుంటూ తాగాడు. ఏ చెట్టు నీడన, ఏ పిట్టలు కాపలా కాస్తే పండిన గింజో ఆయనకు ఆ పొద్దునే చెప్పాం, ఆ పిల్లా నేనూ. ఆయన ఆవులిస్తూ విన్నాడు. చదువుకున్నవాడు, చదువు చెప్పేవాళ్ళను తనిఖీ చేసేవాడు. గ్లాసు ఖాళీ చేసి జీపెక్కి వెళ్ళిపోయాడు.

గట్టు మీద అవ్వ చెయ్యెత్తగానే ఏడుపులు ఆగిపోయాయి. పక్షులు ఇంకా పైనే తిరుగుతున్నాయి. గూళ్ళలో పిల్లలు ఎండకు సోలిపోతున్నాయి, గద్దలు అప్పుడే చేరుతున్నాయి. మనుషుల అలికిడి ఉంటే తల్లులు దిగవని అందర్నీ ఉన్నచోటే కూర్చోమంది. ఎవరం కదల్లేదు, మాట్లాడలేదు. పెద్దయ్యోరు తడిబట్టలతో మా మధ్యే కూర్చున్నారు. పొద్దు వాలుతుండగా ఒకటి దిగింది. ఆ తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. అన్నీ రాలేదు.

తనిఖీ రిపోర్టులో తుపాకి లేదు. ఐదో తరగతి పిల్లలకు వలస పక్షులంటే ఏమిటో తెలియదని ఉంది. నా ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. పెద్దయ్యోరి మీద నేరం మోపడానికి మాత్రం వాళ్ళకు ఏమీ దొరకలేదు. చెప్పిన పని చేశాడాయె. అందుకని పరిపాలనా కారణాల వల్ల అని రాసి ఉదయగిరి కొండల వైపు బదిలీ చేశారు. రిటైరు కావలసిన మనిషిని, జిల్లాకు ఈ చివర నుంచి ఆ చివరకు.

పైకి రాద్దాం, ఊరంతా సంతకాలు పెడతారని నేను గింజుకున్నాను. "ఏమని రాస్తాంలేమ్మా. మన దొర తెమ్మన్నాడు, నేను తెచ్చినాను. దాంట్లో అన్యాయం ఏముంది" అని నవ్వారు. అంతటి నవ్వు ఆయన ముఖంలో అంతకు ముందు చూడలేదు. బండెక్కబోతూ, చలికాలం గంట విప్పడం మరవొద్దని మాత్రం చెప్పారు.

ఆ వేసవి సెలవులు మొదలవకముందే ఆయన పోయారని వాళ్ళబ్బాయి కార్డు రాశాడు. ఎండదెబ్బ అన్నారు. నేను ఆ కార్డు చదివి అవ్వకు వినిపించాను. లేచి వెళ్ళి పొయ్యి ఆర్పేసింది. ఆ రోజు ఊళ్ళో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. తర్వాత పది రోజులు పెళ్ళిమాట ఎత్తలేదు, గుడి తలుపు తెరవలేదు. మా పాలెంలో మైల పట్టే ఆచారం లేదు. అయినా వాళ్ళూ పనుల్లోకి పోలేదు, ఆ ఆదివారం చర్చిలో ఆయన కోసం ప్రార్థన చేశారు. పిల్లలు బడికి రాలేదు. నేను రమ్మనలేదు.

మరుసటి ఏడు మళ్ళీ తనిఖీ. అదే అధికారి. ఈసారి బావమరిది లేడు. హాజరు పట్టీ తిరగేస్తూ ఒక చోట ఆగాడు. ఇన్ని రోజులు బడి ఎందుకు మూశారు, ఎవరి అనుమతి తీసుకున్నారు అన్నాడు. మైలండి అన్నాను. ఎవరు పోయారు అన్నాడు. పెద్దయ్యోరి పేరు చెప్పాను. ఆయన కలం బల్ల మీద పెట్టి తలెత్తాడు. పొరపాటయిందని అంటాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను.

"ఆయన ఈ ఊరివాడు కాదే. మైల రక్తసంబంధం ఉన్నవాళ్ళకు కదా" అన్నాడు.

"అవునండి, వాళ్ళకే" అన్నాను.